పెంకు మీద పసుపు

మామిడిపల్లి,
ఆదివారం మధ్యాహ్నం.

రాజక్కకు,

నీ కాళ్లకు మొక్కి నీ చెల్లెలు సుగుణ రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది, పిల్ల ముగ్గురం బాగానే ఉన్నాం, మా గురించి రంది పెట్టుకోకు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? దవాఖానలో ఇచ్చిన గోలీలు వేసుకుంటున్నావా, లేక ఎప్పటిలాగే బియ్యం డబ్బా వెనక దాచిపెట్టావా? నీ సంగతి నాకు తెలియనిది కాదు. బావకు దగ్గు తగ్గిందా? పత్తి పూతకు వచ్చిందా? ఇక్కడ ముసురు విడవడం లేదు, అక్కడ కూడా ఇలాగే ఉంటే చేను ఏమవుతుందోనని మీ మరిది పొద్దున్నే ఫోన్లో వాన సంగతులు చూస్తున్నాడు. తనకు చేను లేదన్న సంగతి మరిచిపోతాడు పాపం.

ఫోను చేతిలో ఉండగా ఉత్తరం ఏమిటని నువ్వు నవ్వుతావు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది అంటావు, చివరికి ఇద్దరం ఏడ్చి పెట్టేస్తాం. పోయిన నెల నువ్వు అడిగిన దానికి ఏడవకుండా జవాబు చెప్పాలని కాగితం తీసుకున్నాను. "అమ్మ ఇల్లు కూలిన జాగ ఇంక నీ కోసమే ఉంచాల్నా, మీ బావ బర్ల కొట్టం ఏసుకోవచ్చునా? దసరా దాటినంక రాళ్లు దింపుతరట, నీ ముచ్చటేందో జెప్పు" అన్నావు. నేను తర్వాత చెప్తానని ఫోన్ పెట్టేశాను. నీకు కోపం వచ్చే ఉంటుంది. మనకు అన్నదమ్ములు లేరు, నువ్వు ఊళ్లోనే వేరే ఇంటికి కోడలివయ్యావు, నా మొగుడు ఇల్లరికం వచ్చాడు కాబట్టి అమ్మ ఇల్లు నాకే అని అందరం అనుకున్నదే. ఆ జాగను ఇన్నాళ్లు ఎవరినీ అడుగుపెట్టనీయకుండా నువ్వే కాపాడావు. అందుకని జవాబు ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోలేను. ఈ మధ్య షెడ్డులో ఒక పని చేశాను. అది చెప్తే తప్ప నా జవాబు నీకు అర్థం కాదు.

మా షెడ్డు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉందని చెప్పాను కదా. ఎవరో కోళ్లఫారం కోసం కట్టి వదిలేసిన రేకుల షెడ్డు. వాన గట్టిగా కొడితే ఒకరి మాట ఒకరికి వినపడదు. విమానం దిగుతుంటే మాట మధ్యలో ఆపి, అది పోయాక మళ్లీ అందుకుంటాం. ఇప్పుడు ఆ అలవాటు ఇంటి దాకా వచ్చింది. అన్నం పెడుతూ మాట మధ్యలో ఆగిపోతే "పోయిందా విమానం?" అని మీ మరిది ఆటపట్టిస్తాడు. ఆయనకు ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎక్కించే పని కాబట్టి ఆ చప్పుడు చెవికి కూడా ఆనదు.

మన ఇల్లున్న పాటిగడ్డ, ఆ పాత ఊరి దిబ్బ మీద తవ్విన పెంకులు, పూసలు, బొక్కలు, బూడిద అన్నీ ఈ షెడ్డులోనే ఉన్నాయి. ఆ ఎండాకాలం నువ్వూ నేనూ తట్టలు మోశాం, గుర్తుంది కదా. నీకు నడుము పట్టేసి మూడో రోజే మానేశావు. నేను ఉండిపోయాను. అప్పుడు మన దొడ్లో, కూలిన వంటింటి దాకా తవ్వించిన మేడమే ఇక్కడ మా పెద్ద. ఆమెది గోదావరి వైపు ఊరు, మాట మెత్తగా ఉంటుంది కానీ పనిలో పట్టు చాలా గట్టిది. సంచి విప్పగానే ముందు లోపలి చీటీ చూడాలి. ఏ గుంతలో, ఎంత లోతులో, ఏ మట్టి పొరలో దొరికిందో ఆ చీటీ మీద ఉంటుంది. చీటీ పోయిన పెంకు ఊరూ పేరూ చెప్పలేని మనిషితో సమానం అంటుంది మేడం. తర్వాత పెంకులను టబ్బులో నానబెట్టి, పళ్లు తోమే బ్రష్షుతో కడిగి, నీడన జల్లెడ పళ్లేల్లో ఆరబెడతాం. ఆరాక మూతి ముక్కలు ఒక పక్క, అడుగు ముక్కలు ఒక పక్క పోసి, తూకం వేసి, ప్రతి ముక్క లోపలి వైపు సన్నటి పెన్నుతో నంబరు రాస్తాం. మూతి ముక్కను గుండ్రాలు గీసిన కాగితం మీద ఆనిస్తే ఆ కుండ ఎంత పెద్దదో తెలిసిపోతుంది. ఈ మధ్య మేడం నాకు బొమ్మలు గీయడం కూడా నేర్పింది. నేను గీసిన కుండల బొమ్మలు రేపు అచ్చు పుస్తకంలో వస్తాయట. బడిలో నా బొమ్మలు చూసి సారు ఏమనేవాడో నీకు గుర్తుందిగా, అది ఎవరికీ చెప్పకు.

అన్నీ బాగానే ఉన్నాయి అక్కా. కానీ సంచి విప్పినప్పుడల్లా మన ఊరి మట్టి వాసన వస్తుంది. కొత్తలో ఆ కడిగిన నీళ్లు పారబోయడానికి చేతులు రాలేదు. షెడ్డు వెనక బీరపాదుకు పోసేదాన్ని. ఈ ఊళ్లో మనవాళ్లు లేక కాదు, కిరాయి ఇంటి ఆమె మంచిది, పక్కింటి వాళ్లు పండగకు సేమియా పంపుతారు, మొన్న హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తితే అందరం కలిసే పోయి చూసొచ్చాం. అక్కడ నిలబడి మక్కకంకి తింటుంటే మన చెరువు నిండి మత్తడి దుంకిన ఏడు అమ్మ మనిద్దరి జబ్బలు పట్టుకుని నిలబడింది గుర్తొచ్చి, సగం తిన్న కంకి పిల్ల చేతిలో పెట్టేశాను. పిల్ల "ఏమైందమ్మా" అంటే కారం ఎక్కువైందన్నాను.

ఇక నేను చేసిన పని. మొన్నటిది కాదు, అంతకు ముందటి శుక్రవారం పొద్దున నేనూ యాదమ్మక్కా తొందరగా వెళ్లాం. యాదమ్మక్క ఇక్కడి మనిషే, నాతో పాటు పెంకులు కడుగుతుంది. శుక్రవారం వచ్చిందంటే షెడ్డు గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టనిదే ఏ సంచీ ముట్టనివ్వదు. ఆమె గడప కడుగుతుంటే నేను లోపల ఊడుస్తున్నాను. ఫొటోలు తీసే బల్ల మీద, రేకు కాగితం మీద ఒక పెద్ద పెంకు కనబడింది. కుండ గొంతు, దాని కింద భుజం. గొంతు చుట్టూ వేలితో నొక్కిన గుర్తులు వరసగా ఉన్నాయి. లోపలి వైపు తెల్లగా పొర కట్టి ఉంది. పక్కన సంచి మీద మన దొడ్డి గుంత పేరు ఉంది.

అది అమ్మ కూరాడే అనుకున్నాను అక్కా. ఇంకో ఆలోచన రాలేదు. వంటింటి మూల, పీట మీద, బియ్యం కడిగిన నీళ్లు పోసి పులియబెట్టే మన కూరాడు కుండ. గొంతు కింద అవే వేలి గుర్తులు, లోపల పులిసిన ఆ నీళ్లది, అదే కలి తెలుపు. చిన్నప్పుడు ఆ గుర్తుల్లో నా వేలు పెట్టి చూసుకుంటే "కూరాడుతోటి ఆటలేంది, లచ్చిమి అది" అని అమ్మ చెయ్యి మీద కొట్టేది. అమ్మ పోయిన మరుసటి ఏడు వానలకు గోడ కూలి కూరాడు దాని కింద పడి పగిలిపోయిందని తెలుసు కదా. ఇన్నాళ్లకు అది నా వెంట శంషాబాద్ దాకా వచ్చిందనుకున్నాను. యాదమ్మక్క దగ్గర పసుపు తీసుకుని ఆ పెంకు మీద మూడు వేళ్లతో రాశాను, కుంకుమ బొట్టు పెట్టాను. కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటుంటే వెనక నుంచి మేడం గొంతు వినబడింది.

"ఏమిటిది సుగుణా? దీని మీద పసుపు ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టిన మేడం. ఇది మా అమ్మ కూరాడు. ఇయ్యాల శుక్రారం గదా."

ఆమె ముఖం చూశాకే నియమం గుర్తొచ్చింది. లోపల పొర ఉన్న పెంకులను మేము కడగకూడదు, వట్టి చేత్తో ముట్టకూడదు. వాటిని పరీక్షకు పంపితే ఆ కుండలో ఏం వండారో, ఏం పోశారో తెలుస్తుందట. మన దొడ్డి గుంతలో అలాంటిది దొరికింది అదొక్కటే. మర్నాడు పంపడానికని ఫొటో కోసం బయట పెట్టిందామె. ఆ నియమం నాకు తెలుసు, కొత్తగా వచ్చిన వాళ్లకు చెప్పేదాన్నే నేను.

"మీ అమ్మగారి కుండ అని ఎలా అనుకున్నావు?" అంది మేడం.

"గా ఏలి గుర్తులు సూడుండ్రి మేడం. లోపట కలి తెలుపు సూడుండ్రి. మా దొడ్లనే దొరికె. ఇంకెవరిదైతది?"

ఆమె తిట్టలేదు. బల్ల దగ్గర కూర్చుని, చీటీ తీసి నా చేతిలో పెట్టింది. తర్వాత గుంత గోడను పొరలు పొరలుగా గీసిన పెద్ద కాగితం పరిచి వేలితో చూపించింది. పైన పలచగా కూలిన గోడ మట్టి. దాని కింద మన వంటింటి నేల. దాని కింద ఇంకో అలికిన నేల. దాని కింద మరొకటి. వాటన్నిటి అడుగున ఒక చిన్న గొయ్యి, అందులో ఈ పెంకు. "పైన నేలలన్నీ చెక్కుచెదరలేదు సుగుణా. మీ అమ్మగారిది ఇంత కిందికి వెళ్లే దారి లేదు. ఇది ఎప్పటిదో పరీక్ష చెప్పాలి. రాజుల పేర్లు మనకు తెలిసిన కాలం కంటే ముందుదే అనుకుంటున్నాను" అంది.

"మరి గా తెలుపు? కలి గాదా మేడం?"

"కావచ్చు. మట్టిలోని సున్నం పేరుకున్నా అలాగే ఉంటుంది. తేలేదాకా నేను రెండిట్లో ఏదీ అనను. ఇప్పుడు నీ పసుపు కూడా చేరింది. అదీ పరీక్షలో కనబడితే ఆ కాలంలోనే పసుపు వాడారని రాస్తారు చూడు."

నాకు నవ్వు రాలేదు, ఆమెకూ రాలేదు. పసుపు బయటి వైపే అంటింది కాబట్టి లోపలి పొర పనికొస్తుందేమో చూద్దాం అంది. నంబర్ల పుస్తకంలో ఆ పెంకుకు ఎదురుగా ఏం జరిగిందో నా చేతే రాయించింది. ఏ రోజు, ఏ వైపు, ఏం అంటిందో అన్నీ రాశాను. పెన్ను కింద పెడుతుంటే "ఎందుకు పెట్టావో కూడా రాయి, తర్వాత దీని మీద పని చేసేవాళ్లకు అది కూడా తెలియాలి" అంది. 'కూరాడు అనుకుని' అని రాశాను. పని పోతుందేమోనని సోమవారం దాకా భయంగా ఉండింది. పోలేదు. కానీ మేడం నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. తప్పు నాది, ఓర్చుకుంటున్నాను.

అమ్మ కూరాడు మరెక్కడ పోయిందని ఆ రోజంతా ఆలోచించాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, సాయంత్రానికి గుర్తొచ్చింది. తవ్వకం మొదలుపెట్టే ముందు కూలిన గోడ మట్టిని అడుగు పొర తప్ప అంతా బావ ట్రాక్టరులో ఎత్తించి మీ చెలకలో పోశాడు. పాత గోడ మట్టి పైరుకు బలం అని మనం ఎప్పుడూ చేసేదే కదా. ఆ తట్టలు ఎత్తింది కూడా నేనే. అమ్మ కూరాడు పెంకులు ఇన్నేళ్లుగా మీ మక్కచేనులో ఉన్నాయి అక్కా. నేనిక్కడ ఎవరి అమ్మ కుండకో దండం పెట్టి ఏడ్చాను.

మర్నాడు అన్నం తినేటప్పుడు ఇదంతా యాదమ్మక్కకు చెప్పాను. ఆమె సద్ది విప్పుతూ విన్నది. వాళ్లవి ఇక్కడ చెలకలు ఉండేవి, ఎయిర్‌పోర్టులో పోయాయి.

"నీకు నయ్యమే పిల్లా" అంది. "మీ ఊరి మన్నును సంచులల్ల పెట్టి తెచ్చిండ్రు, దినాం కడుక్కుంటవ్, సూసుకుంటవ్. మా చెల్కల మీదికెల్లి విమానాలు ఉరుకుతున్నయి. ఇగ దాన్ని తవ్వేదెవరు, సూసేదెవరు? గది సరే గని, మీ ఇంట్ల కూరాడు లేదా?"

"లేదక్కా. కిరాయి గది గదా. ఎట్లయిన ఊరికి పోదుమనే ఉన్నం."

"ఎప్పుడు పోతరు?"

నేను అన్నం కలుపుతూ కూర్చున్నాను.

"వచ్చిన కాడికెల్లి గదే మాటంటున్నవ్. నా చెల్క పోయినంక నేను కిరాయి ఇంట్లనే పెట్టిన కూరాడు. లచ్చిమికి కాయితాలు గావాల్నా? గిట్ల ఇటు గాక అటు గాక ఎన్నేండ్లు బత్కుతవే?"

ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే నిజం. కూరాడు పెట్టిన ఇల్లే మన ఇల్లు, దాన్ని ఇష్టం వచ్చినట్టు కదపకూడదని అమ్మ చెప్పేది. అందుకే ఈ గదిలో నాలుగేళ్లుగా నేను కూరాడు పెట్టలేదు. పెట్టకపోతే ఎప్పటికైనా వస్తానని నాకు నేనే మాట ఇచ్చుకున్నట్టు ఉండేది. బియ్యం కడిగిన నీళ్లు రోజూ పారబోసేటప్పుడు ఇదంతా కొన్నాళ్లకే అనుకునేదాన్ని. పిల్లను నీది ఏ ఊరని బడిలో అడిగితే ఇప్పుడున్న ఈ మామిడిపల్లే అని చెప్పిందట. నేను కోప్పడ్డాను. అది నా వంక అయోమయంగా చూసింది, దానికి మన ఇల్లు గుర్తు కూడా లేదు.

అక్కా, మేడం చూపించిన ఆ కాగితం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. మన వంటింటి కింద ఎవరిదో వంటిల్లు, దాని కింద మరొకరిది. అందరూ ఆ మట్టినే అలికి, దాని మీదే పొయ్యి పెట్టుకుని బతికారు. వెళ్లిపోయిన మనిషి తిరిగి వస్తుందని ఎవరూ ఆ నేలను ఖాళీగా ఉంచలేదు. ఉంచి ఉంటే అమ్మకు ఇల్లు ఎక్కడిది, మనం పుట్టింది ఎక్కడ?

నాకు రావాలని ఉంది. పొద్దున్నే లేచి నీ ఇంటికి చాయ్ తాగడానికి రావాలని, నువ్వు ఏదో ఒకటి అంటే అలిగి పోవాలని, మళ్లీ సాయంత్రం రావాలని ఉంది. రోజులో ఒక్కసారైనా ఇది అనుకోకుండా నేను నిద్రపోలేదు. కానీ రాను అక్కా. మీ మరిదికి అక్కడ పని లేదు, అది ఒక్కటే కారణమని చెప్తే అబద్ధం అవుతుంది. నాకు ఈ పని ఇష్టం. రెండు పెంకులు ఒకదానికొకటి అతికినప్పుడు కలిగే సంతోషం నాకు ఏ చేనులోనూ కలగలేదు. నీకు ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, నిన్ను ఒంటరిని చేసి నేను సంతోషంగా ఉన్నట్టు అనిపిస్తుంది. అయినా నీ దగ్గర దాచలేను.

బావను ఆ జాగలో కొట్టం వేసుకోమను. నా కోసం ఇక ఉంచొద్దు. పొయ్యి ఉన్న మూల మీద పేడ పడుతుందని నువ్వు బాధపడకు, అమ్మకు బర్రెలంటే మనకంటే ఎక్కువ ఇష్టం కదా. రాళ్లు దింపే రోజు నాకు ఫోన్ చేయకు. అయిపోయాక చెప్పు.

నాకు ఒక్కటి పంపాలి. నీ పెండ్లిలో నీ కొత్త కూరాడులో అమ్మ తన కూరాడులోని కలి ముంచి పోసింది. మీ అత్త ముక్కు విరిచినా వినలేదు. నువ్వు ఏ రోజూ దాన్ని ఎండనీయలేదు. అందులోంచి ఒక సీసాడు పంపించు. మైలార్‌దేవ్‌పల్లి అంగట్లో మీ మరిది కుండ కొనుక్కొచ్చాడు. గొంతు నున్నగా ఉంది, వేలి గుర్తులు లేవు, పర్వాలేదు. పెద్ద సీసా తీసుకో, నిండుగా పోయకు, మూత గట్టిగా బిగించకు, దారిలో పొంగుతుంది. దాంతో పాటు జొన్నపిండి కూడా పెట్టు, ఇక్కడి పిండికి రొట్టె విరిగిపోతోంది.

బావకు నా నమస్కారాలు. మీ అత్తకు మొక్కినానని చెప్పు. పక్క వాడలో పెద్దమ్మ కనబడితే నేను అడిగానను. నా బిడ్డను మీ అందరూ దీవించండి. నన్ను కూడా దీవించు అక్కా, కొత్త కూరాడు పెడుతున్నాను, పక్కన అమ్మ లేదు, నువ్వు లేవు.

శుక్రవారానికి పెట్టుకోవాలి కాబట్టి గురువారం పొద్దున బస్సులో డ్రైవరుకు ఇచ్చి పంపు. బస్సు నంబరు చెప్పు చాలు. జూబ్లీ బస్టాండులో నేనే వచ్చి నిలబడతాను, అది ఎంత ఆలస్యమైనా సరే.

నీ చెల్లెలు,
సుగుణ